తిండి తగిలే చెక్కకి ఏ నూనె పూయాలి? విశాఖ తేమలో చెక్కపని చేసేవాడి సమాధానం

మధురవాడలో ఫ్లాట్ పని చేయించుకున్న ఒకావిడ అడిగారు. కబోర్డుల పని అయ్యాక మిగిలిన టేకు చెక్కతో కార్పెంటర్ ఒక చాపింగ్ బోర్డు, ఒక చపాతీ పీట, వంటింటికీ హాలుకీ మధ్య చిన్న టిఫిన్ కౌంటర్ చేసిచ్చాడట. మూడూ బోసి చెక్కే, పాలిష్ ఏదీ లేదు. బోర్డుకి ఆవిడ ఇంట్లో ఉన్న సన్‌ఫ్లవర్ నూనె పూశారు. వానలు పట్టేసరికి అది జిగురుజిగురుగా తయారై, ముక్క వాసన వేసి, అడుగు వైపు నల్లమచ్చలు పడ్డాయి. పాలిష్ అబ్బాయేమో "మూడింటికీ మెలమైన్ కొట్టేస్తా మేడమ్, అద్దంలా ఉంటాయి" అంటున్నాడు. ఒకరు కొబ్బరి నూనె అన్నారట, ఇంకొకరు అవిసె నూనె అన్నారట. ఏది వినాలి అని ఆవిడ ప్రశ్న.

మేడమ్, పాలిష్ అబ్బాయిని కౌంటర్ వరకు రానివ్వండి. బోర్డు దగ్గరకీ, పీట దగ్గరకీ మాత్రం వద్దు. మిగతాది తీరిగ్గా చెబుతాను. గోపాలపట్నంలో షెడ్డు పెట్టుకుని పాతికేళ్ళుగా చెక్క పొట్టులోనే బతుకుతున్నవాణ్ణి, మొదలుపెడితే కాస్త పొడుగవుతుంది.

మెలమైన్ గానీ, పీయూ (పాలీయురెథేన్) గానీ, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ గానీ చెక్క మీద పొరలా కూర్చునే రకాలు. చూడ్డానికి బాగుంటాయి. కానీ చాపింగ్ బోర్డు మీద మొదటి టమాటా కోసిన రోజే కత్తి ఆ పొరని చీలుస్తుంది. ఆ గీతలోంచి నీళ్ళు దిగుతాయి. దిగిన నీళ్ళకి మళ్ళీ పైకి వచ్చే దారి ఉండదు, చుట్టూ పొర మూసే ఉంది కదా. లోపల చెక్క నల్లబడుతుంది, పైన పొర ఉల్లిపొట్టులా లేస్తుంది, ఆ పొట్టు నిజం ఉల్లిపాయల్లో కలిసి కూరలోకి పోతుంది. అలా మెరిసిపోతూ వెళ్ళి మూడు నెలలకి బొల్లి పట్టినట్టు తిరిగొచ్చిన బోర్డులు నా దగ్గరికి చాలానే వచ్చాయి. పొరని గీకి తీయడం కంటే కొత్త బోర్డు చేసివ్వడమే సులువు.

కౌంటర్ సంగతి వేరు. అక్కడ కంచం పెట్టుకుని తింటారు తప్ప కత్తి పెట్టరు. కాఫీ ఒలుకుతుంది, సాంబారు చిందుతుంది, తడిగుడ్డతో రోజుకి నాలుగుసార్లు తుడుస్తారు. దానికి పొర ఉండడమే మంచిది. మెలమైన్ కంటే రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ అడగండి. మెలమైన్ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది, కళ్ళు మండే ఆ వాసన దానిదే. పీయూ కూడా కొట్టేటప్పుడు మంచిదేమీ కాదు, మాస్కు పెట్టుకోమనండి, పిల్లల్ని ఆ రోజు ఎక్కడికైనా పంపండి. మర్నాటికి ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల పూర్తిగా గట్టిపడ్డానికి వారాలు పడుతుంది. రెండు మూడు వారాలు దాని మీద వేడి గిన్నెలు పెట్టకండి. ఇంకో మాట: పైన మూడు కోట్లు కొట్టి అడుగు వైపు వదిలేసే అలవాటు పాలిష్ వాళ్ళలో ఉంది. "ఎవరు చూస్తారు మేడమ్" అంటారు. ఎవరూ చూడరు, గాలిలో తేమ చూస్తుంది. ఒక పక్క మూసి ఒక పక్క తెరిచి ఉంటే చెక్క తెరిచిన పక్క నుంచి తేమ పీల్చి ఉబ్బుతుంది, పలక గిన్నెలా వంగుతుంది. అడుక్కీ రెండు కోట్లు వేయిస్తేనే డబ్బులివ్వండి.

ఇక నూనెలు. మీ సన్‌ఫ్లవర్ నూనె ఎందుకలా అయిందో తెలిస్తే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి.

కొన్ని నూనెలు గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని మెల్లగా గట్టిపడి, ప్లాస్టిక్ లాంటి పదార్థంగా మారతాయి. అవిసె నూనె, టంగ్ నూనె (ఒక చైనా చెట్టు గింజలది), వాల్‌నట్ నూనె ఆ రకం. కొన్ని ఎన్నాళ్ళున్నా నూనెలాగే ఉంటాయి. కొబ్బరి నూనె, ఆముదం ఈ రకం. సన్‌ఫ్లవర్, నువ్వుల నూనె లాంటివి మధ్యరకం. సగం గట్టిపడతాయి, సగం పడవు. అటూ ఇటూ కాకుండా ఆగిపోయిన ఆ స్థితే మీ బోర్డు మీది జిగురు. స్టౌ వెనక టైల్స్ మీద, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద గోరుతో గీకితే వచ్చే పసుపు జిడ్డు ఉంటుంది చూడండి, మీ బోర్డు మీదున్నది దాని తమ్ముడే. గాలి తగిలి నూనె పాడయ్యే దారిలో వచ్చేది ఆ ముక్క వాసన. కాబట్టి వంటనూనె కాబట్టి తిండికి మంచిదే, చెక్కకీ మంచిదే అనుకోవడానికి లేదు. కడుపులోకి వెళ్ళే నూనె కొన్ని గంటల్లో పని ముగించుకుంటుంది, చెక్కలో పూసింది నెలల తరబడి అక్కడే కూర్చోవాలి.

కొబ్బరి నూనె మీద నాకు ద్వేషం లేదు. సన్‌ఫ్లవర్ కంటే చాలా నయం. దానిలో కొవ్వు చాలావరకు గాలితో చర్య జరపని రకం, అందుకే తొందరగా పాడవదు. చపాతీ పీటకి, అప్పడాల కర్రకి రెండు చుక్కలు రాసి తుడిచేస్తే ఇబ్బందేం లేదు, వాటికి నీళ్ళు తగిలేది తక్కువ. చాపింగ్ బోర్డుకి మాత్రం నేను వాడను. మూసి ఉన్న సొరుగులో కొన్ని నెలలుంటే వాసన మారుతుంది, ముఖ్యంగా గానుగలో ఆడించి వడకట్టని నూనైతే. పైగా సుమారు 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది. మన దగ్గర పుష్యమాసం పొద్దుటిపూట తలకి రాసుకోబోతే సీసాలోంచి రాదు కదా, చెక్క మీద కూడా అంతే, తెల్లగా మసక పడుతుంది. ఎండెక్కాక పోతుంది కానీ చూసినవాళ్ళు బూజనుకుని కంగారుపడతారు.

ఆముదం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మా అమ్మ కత్తిపీట చెక్కకి ఏడాదికోసారి ఆముదమే రాసేది. ఆ కత్తిపీట ఇప్పటికీ ఉంది, చెక్క నేరేడుపండు రంగుకి తిరిగింది, ఎక్కడా పగలలేదు. ఆముదం ముక్క వాసన కూడా త్వరగా పట్టదు. కానీ చిక్కన, చెక్కలోకి దిగడానికి బద్ధకం. ఎక్కువైతే చేతికి అంటుతూనే ఉంటుంది. రాశాక అమ్మ పాత చీరముక్కతో ఎంత గట్టిగా తుడిచేదో గుర్తుంది. అసలు సంగతి ఆ తుడవడంలోనే ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

అవిసె నూనె మంచిదే, కానీ రెండు చోట్ల మోసం ఉంది. హార్డ్‌వేర్ షాపులో "డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్" అని డబ్బా ఇస్తారు. పేరు చూసి మరగబెట్టిన నూనె అనుకుంటాం. చాలావరకు అది త్వరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు లాంటి లోహాల లవణాలు కలిపిన నూనె. తలుపులకీ కిటికీలకీ వాడండి, బోర్డుకి వద్దు. తినడానికి అమ్మే, గానుగలో ఆడిన అవిసె నూనె వాడొచ్చు, కానీ అందులో కొన్నిటికి పాడవకుండా విటమిన్ ఇ కలుపుతారు. నూనె సీసాలో పాడవకుండా ఆపేదే చెక్క మీద ఆరకుండానూ ఆపుతుంది. సీసా మీద చదివి కొనండి. అన్నీ సరిగ్గా ఉన్నా, శ్రావణ భాద్రపదాల్లో విశాఖ గాలిలో ఒక్కో కోటు ఆరడానికి వారం పట్టిన రోజులున్నాయి. పల్చగా, పూశామా లేదా అన్నంత పల్చగా, మూడు నాలుగు సార్లు పూసి నెలరోజులు ఓపిక పట్టగలిగితే గరిటెలకీ, చెక్క గిన్నెలకీ దానిని మించింది లేదు. చిక్కగా ఒకేసారి పూస్తే పైన చర్మం కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

అవిసె నూనె పూసిన గుడ్డ గురించి పెద్దక్షరాలతో రాయాలి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పల్చగా ఉంటే ఆ వేడి గాలిలో పోతుంది. గుడ్డని ఉండచుట్టి మూలన పడేస్తే లోపల వేడి చేరి చేరి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. ఇది కట్టుకథ కాదు. 1991లో అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. మొదలైంది 22వ అంతస్తులో, చెక్కకి పాలిష్ చేసినవాళ్ళు వదిలేసిన లిన్సీడ్ నూనె గుడ్డల దగ్గర. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. అంత దూరం ఎందుకు, మా షెడ్డులోనే ఒక మే నెలలో మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి వచ్చేసరికి బనియన్ వేస్టు ఉన్న గోనెసంచిలోంచి సన్నగా పొగ. ముట్టుకుంటే చెయ్యి కాలింది. బయట రోడ్డు మీదకి లాగి బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే లోపల గుడ్డలు బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఇంకో అరగంట తర్వాత వచ్చుంటే షెడ్డూ లేదు, నేనూ ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు. గుడ్డని విప్పి తీగ మీద ఒంటి పొరగా ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పారేయండి. అపార్ట్‌మెంట్‌లో డస్ట్‌బిన్‌లో మాత్రం వేయకండి.

మరి నేను చాపింగ్ బోర్డుకి వాడేదేమిటి అంటే లిక్విడ్ పారఫిన్. మెడికల్ షాపులో దొరుకుతుంది, రంగూ రుచీ వాసనా ఉండవు. సీసా మీద ఐపీ అని ఉండాలి, అంటే మందుల ప్రమాణానికి శుద్ధి చేసినదని. గాలితో దానికి పని లేదు కాబట్టి గట్టిపడదు, ముక్క వాసన పట్టదు, జిగురు కాదు. విరేచనం సాఫీగా కావడానికి డాక్టర్లు రాసే మందే ఇది, బోర్డు నుంచి కూరలోకి వెళ్ళే ఆ కాస్తకి ఏమీ కాదు. కాకపోతే షాపులో అడిగేటప్పుడు జాగ్రత్త. మలబద్ధకానికి అమ్మే సిరప్‌లలో పారఫిన్‌తో పాటు పాలలా తెల్లగా మెగ్నీషియా కలిపినవి ఉంటాయి. ఒక కస్టమర్ అది తెచ్చి బోర్డుకి పూసి, సున్నం కొట్టినట్టు తెల్లబడిన బోర్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నీళ్ళలా పారదర్శకంగా ఉన్నదే తెచ్చుకోండి. పిల్లల ఒంటికి రాసే బేబీ ఆయిల్ కూడా చాలావరకు ఇదే, కానీ సెంటు కలుస్తుంది. దీపాలకి అమ్మే పారఫిన్ ఆయిల్ జోలికి అసలే పోవద్దు.

పెట్రోలియం నుంచి వచ్చినది నాకొద్దు అనేవాళ్ళున్నారు, వాళ్ళ ఇష్టం, తప్పేం లేదు. వాళ్ళు పైన చెప్పినట్టు ఆడించిన అవిసె నూనెతో ఓపిగ్గా చేసుకోవచ్చు. పారఫిన్‌కి ఉన్న లోపం ఏమిటంటే అది చెక్కలో గట్టిపడదు కాబట్టి కడిగినకొద్దీ పోతూనే ఉంటుంది. మళ్ళీ మళ్ళీ పూయాలి. నాకు అందులో లోపం కనబడదు. తలకి నూనె ఒకసారి రాసుకుని ఏడాదంతా ఊరుకుంటామా?

నీళ్ళు ఇంకాస్త ఆగాలంటే తేనెమైనం కలుపుకోండి. తూకంలో ఒక వంతు మైనం, నాలుగు వంతుల పారఫిన్. గిన్నెలో నీళ్ళు పెట్టి, అందులో ఇంకో గిన్నె పెట్టి అందులో కరిగించండి. మైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నీళ్ళు మరగక్కర్లేదు. నేరుగా మంట మీద పెట్టకండి. చల్లారితే వెన్నలా అవుతుంది. ఎండాకాలం మరీ జారుగా ఉంటే మైనం కాస్త పెంచండి. అరకు వైపు తేనె పట్టేవాళ్ళు, తేనె అమ్మేవాళ్ళు అడిగితే మైనం తెచ్చిపెడతారు. బజార్లో మైనం అని కొవ్వొత్తి మైనం అంటగడతారు. అసలుది విరిస్తే తేనె వాసన వస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే కొంచెం అంటుకుంటుంది. కొవ్వొత్తిది సబ్బులా జారుతుంది.

ఇప్పుడు మీ బోర్డు. ముందు ఆ జిగురు తీయాలి. సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టకండి, రెండు నిమిషాల్లో కాగితం బంకతో నిండి జారిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెల లిక్విడ్ వేసి, కొబ్బరి పీచుతో పోగు (చెక్కలో నార నడిచే దిక్కు) వెంబడి రుద్ది, వెంటనే తుడిచేయండి. బట్టల సోడా వాడకండి, టేకు నల్లబడుతుంది. మిగిలిన బంకని గీకాలి. మా దగ్గర మేస్త్రీలు పగిలిన కిటికీ అద్దం ముక్కతో గీకుతారు. అద్దాన్ని కొద్దిగా ముందుకి వాల్చి లాగితే జున్నుపొర లాంటి సన్నటి పొట్టు లేస్తుంది. ఏ మిషనూ ఇవ్వని నునుపు వస్తుంది దానితో. మీకు అలవాటు లేకపోతే చెయ్యి కోసుకుంటారు, స్టీలు స్కేలు అంచుతో ప్రయత్నించండి, లేదా కార్పెంటర్‌ని పిలిచి ఒక్కసారి చిత్రిక పట్టించండి.

నల్లమచ్చల విషయం చూడాలి. అన్నీ బూజు కాకపోవచ్చు. టేకులో ఉండే వగరు పదార్థానికి తడి ఇనుము తగిలితే సిరా లాంటి నలుపు వస్తుంది. ఇనప చాకు తడిగా దాని మీద వదిలేశారా, బోర్డు కింద ఇనుప స్టాండు ఉందా, చూసుకోండి. నిమ్మచెక్కతో రుద్దితే ఇనప మచ్చ పది నిమిషాల్లో పలచబడుతుంది. పలచబడకుండా చుక్కలు చుక్కలుగా, వెంట్రుకల్లా పాకి ఉంటే అది బూజు. పైపైన ఉంటే గీకుడులో పోతుంది. లోతుగా ఉంటే, గీకాక మట్టి వాసన ఇంకా వస్తూ ఉంటే, ఆ బోర్డుని పూలకుండీ కింద పెట్టుకుని కొత్తది చేయించండి.

తర్వాత 120 నంబరు సాండ్‌పేపర్, తర్వాత 180, తర్వాత 220. అన్నీ పోగు వెంబడే, అడ్డంగా రుద్దితే గీతలు నూనె పూశాక లేచి కనబడతాయి. ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది. 220 అయ్యాక తడిగుడ్డతో బోర్డంతా తుడిచి ఆరనివ్వండి. ఆరాక చేత్తో తడిమితే రెండ్రోజుల గడ్డంలా గరుగ్గా తగులుతుంది. సాండ్‌పేపర్ కింద అణిగిన నారంతా నీళ్ళు తగిలి లేచింది. దాన్ని మళ్ళీ 220తో తేలిగ్గా కోసేయండి. ఇది ఇప్పుడు చేయకపోతే, మీరు మొదటిసారి బోర్డు కడిగిన రోజు అదే గరుకు లేస్తుంది, పాలిష్ పాడైందని నన్ను తిడతారు.

ఆ తర్వాత ఆరబెట్టాలి, నా సమాధానంలో అసలు భాగం ఇదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఊళ్ళో చెట్లు ఎన్ని పడ్డాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వేప, నిద్రగన్నేరు, రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. నాకప్పుడు ఒక ఆలోచన వచ్చింది, పడిపోయిన వేపచెట్టుతో బోర్డులు చేసి ఇస్తే ఊరి జ్ఞాపకంగా ఉంటాయని. మొద్దులు తెచ్చి కోయించి, నెలన్నర షెడ్డులో పెట్టి, బోర్డులు చేసి, బోలెడు నూనె పట్టించి స్నేహితులకి పంచాను. పూరీలా పొంగిపోయాను. సంక్రాంతి దాటేసరికి ఒక్కొక్కరే ఫోన్లు. ఒకటి పడవలా వంగింది, ఒకటి నిలువునా చీలింది, ఒకదానికి నూనె కింద నుంచే బూజు. చెట్టు పచ్చిది. నేను పట్టించిన నూనె బయటి నీళ్ళని ఆపలేదు సరికదా, లోపలి నీళ్ళని తొందరగా పోనివ్వలేదు. అంగుళం మందానికి నీడలో ఏడాది ఆరాలని మా గురువు చెప్పింది నాకు తెలియక కాదు, ఆ హడావిడిలో గుర్తురాలేదు. ఏం పూశామన్నది తర్వాత, ఏ స్థితిలో ఉన్న చెక్కకి పూశామన్నది ముందు అని ఆ బోర్డులు నేర్పాయి.

మీది టేకు, కార్పెంటర్ వాడేసరికి ఆరి ఉండే ఉంటుంది. కానీ ఇప్పుడు మీరు కడిగారు, తడిపారు. పైగా మనది సముద్రం పక్క ఊరు. గాలిలో తేమ 80 శాతం ఉంటే ఎంత ఆరిన చెక్కయినా తన పొడి బరువులో 15-16 శాతం నీళ్ళు పట్టి ఉంచుతుంది. అదే ఏసీ గదిలో 50 శాతం దగ్గర తొమ్మిదికి దిగుతుంది. సుమారు 20 శాతం దాటితే బూజుకి పండగ. అంటే వానాకాలం మన చెక్క అంచు మీదే నడుస్తుంటుంది, తుడవకుండా ఒక్క రాత్రి సింకు పక్కన పడుకోబెడితే గీత దాటేస్తుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు కొనక్కర్లేదు. వంటింటి తూకం మిషన్ ఉంటుంది కదా, బోర్డుని రోజూ ఒకే వేళకి తూచి కాగితం మీద రాయండి. బరువు తగ్గుతూ తగ్గుతూ రెండు మూడు రోజులు ఒకే అంకె దగ్గర ఆగితే ఆరినట్టే. ఎండలో పెట్టకండి, ఒక పక్క ఎండి చీలుతుంది. ఫ్యాను గాలిలో, నీడలో, అంచు మీద నిలబెట్టి, రెండు పక్కలా గాలి ఆడేలా పెట్టండి. తేమ తక్కువగా ఉండే జనవరి ఫిబ్రవరుల్లో చేస్తే ఇంకా మంచిది, అంతదాకా ఆగలేరనుకోండి, ఏసీ గదిలో పెట్టండి.

ఆరాక పారఫిన్‌ని గోరువెచ్చగా చేయండి, చెయ్యి పట్టేంత వేడి చాలు. ధారాళంగా పోసి అరచేత్తో రుద్దండి. పైన, కింద, నాలుగు పక్కలు. చెక్కని అడ్డంగా కోసిన కొసలు రెండూ ఎక్కువ తాగుతాయి, ఇటుక నీళ్ళు తాగినట్టు. అక్కడ తాగడం ఆపేదాకా పోస్తూనే ఉండండి. నీళ్ళు లోపలికి పోయేదీ, చీలిక మొదలయ్యేదీ ఆ కొసల నుంచే. రాత్రంతా వదిలేసి పొద్దున మిగిలింది తుడిచేయండి. ఇలా మూడు నాలుగు రాత్రులు. చివరి రోజు మైనం వెన్న రాసి, గంట ఆగి, పాత కాటన్ లుంగీ ముక్కతో చేతికి జిడ్డు అంటనంత వరకు తుడవండి. మా అమ్మ ఆముదం తుడిచినట్టు. పైన మిగిలిపోయిన నూనె దుమ్ము పట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మళ్ళీ ఎప్పుడు పూయాలి అని తారీఖులు పెట్టుకోకండి. బోర్డు మీద నాలుగు నీటిచుక్కలు వేయండి. తామరాకు మీదలా గుండ్రంగా నిలిస్తే ఇంకా ఉంది. పరుచుకుని చెక్క రంగు ముదిరితే పూసే వేళయింది. మొదటి నెలలో వారానికోసారి, తర్వాత నెలకోసారి పడుతుంది, రోజూ వాడే ఇంట్లో.

చపాతీ పీటకి ఇంత హంగామా అక్కర్లేదు. నునుపు చేసి, పల్చగా ఒకసారి పారఫిన్ గానీ కొబ్బరి నూనె గానీ రాసి తుడవండి. పిండీ నూనే దానిని చూసుకుంటాయి. కడగడం కంటే పొడిగుడ్డతో తుడవడం మంచిది. పాత రంగు పీట ఏదైనా ఇంట్లో ఉంటే దాని మీద మాత్రం పిండి వత్తకండి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు పూసిన రంగుల్లో ఎంతుందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు.

రంగు కావాలి, మెరుపు కావాలి, తిండికీ పనికిరావాలి అనుకుంటే మన పక్కనే జవాబుంది, లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక. అంకుడు కర్రని తరణి (లేతు మిషన్) మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. లక్క అంటే పురుగు కొమ్మల మీద కట్టే బంక, శుద్ధి చేస్తే షెల్లాక్. బిళ్ళలకీ మిఠాయిలకీ మెరుపు పూతగా వాడేదీ అదే. అక్కడ సహజ రంగుల్ని మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే ముద్ర) వచ్చింది. ఉప్పు డబ్బా, పోపుల పెట్టె, భరిణెలకి ఆ లక్క పని అద్భుతం. కానీ లక్కకి వేడన్నా సబ్బు నీళ్ళన్నా పడదు. పప్పు కలిపే గరిటెకి లక్క వద్దు, దానికి అవిసె నూనె.

చివరిగా చేపలు. విశాఖలో ఉంటూ బోర్డు మీద చేప కోయరంటే నేను నమ్మను. మాంసం కొట్టేవాళ్ళ చింత మొద్దు చూశారా? ఏ పాలిష్ ఉండదు, రోజూ గీకి, ఉప్పేసి రుద్ది, ఆరబెడతారు. 1994లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డీన్ క్లివర్ బృందం చెక్క బోర్డుల మీదా ప్లాస్టిక్ బోర్డుల మీదా బ్యాక్టీరియా వేసి చూసింది. చెక్క మీద వేసినవి లోపలికి పీల్చుకుపోయి పైన దొరక్కుండా పోయాయి. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్‌ని శుభ్రం చేయడమే కష్టమని తేలింది. అలాగని మీరు చేప కోసిన బోర్డు మీదే కొత్తిమీర తరగమని నేను చెప్పను. చేపకి ఇంకో బోర్డు పెట్టుకోండి, టేకు అక్కర్లేదు, చింత చెక్క చాలు. కోశాక చన్నీళ్ళతో రక్తం కడిగి, తర్వాత వేడినీళ్ళు, లిక్విడ్. రాళ్ళుప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దితే వాసన పోతుంది. ఏ బోర్డునీ సింకులో నానబెట్టకండి, డిష్‌వాషర్‌లో పెట్టకండి. గోడకి ఆనించి నిలబెట్టండి, పడుకోబెట్టకండి. పసుపు మరకలకి ఏమీ చేయక్కర్లేదు, కిటికీ దగ్గర నాలుగు రోజులు వెలుగు తగిలితే వాటంతటవే వెలిసిపోతాయి.

కౌంటర్ అడుగు వైపు సంగతి పాలిష్ అబ్బాయికి ఇవాళే చెప్పండి, కొట్టాక చెబితే వినడు. పారఫిన్ సీసా మీద "చెక్కకి" అని మార్కర్‌తో రాసి వంటింట్లోనే పెట్టుకోండి. మందుల డబ్బాలో పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు వాడేస్తారు, మా మామగారు రెండుసార్లు వాడేశారు.